పౌను గింజల కూలి

పొదుపు మంచి గుణమని పెద్దలు మనకు నేర్పిరి. ఇంటి యజమాని యైనను, అంగడి యజమాని యైనను, రాజ్యమేలువాడైనను ఖర్చునకు ముందు ఆదాయమును చూచుకొనవలెననుట మన మందరము ఒప్పుకొను మాటయే. కాని పొదుపులో రెండు తెగలున్నవి. పని యెట్లు జరుగుచున్నదో, చేయువాని ఒంటిలో ఎంత సత్తువ యున్నదో కనుగొని, వ్యర్థముగా పోవుదానిని ఆపుట ఒక తెగ. పనిని చూడక, పనివానిని చూడక, చిట్టాలోని అంకెను మాత్రము చూచి దానిని కోసివేయుట రెండవ తెగ. ఈ రెండవ తెగ పొదుపు ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు మనము పరదేశముల చరిత్రలు వెదకనక్కరలేదు. మన రాయలసీమ మట్టిలోనే ఒక నిదర్శన మున్నది. అది 1877వ సంవత్సరపు కరవు పనుల కూలి కథ.

మన పూర్వులు కరవులకు సంవత్సరముల పేళ్లు పెట్టి చెప్పుకొనుచుండెడివారు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చివేసినది నందన కరవు. 1876లో మొదలైనది ధాత కరవు. ధాత పోయి ఈశ్వర వచ్చినను ఆ కరవు మాత్రము పోలేదు. 1876లో నైరృతి వానలు తప్పినవి. వెనుక రావలసిన ఈశాన్యపు వానలును తప్పినవి. మదరాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములును, దక్షిణమున చెంగల్పట్టు, ఉత్తరార్కాడు, సేలము, కోయంబత్తూరు మండలములును ఎండిపోయినవి. పడమట మైసూరు సంస్థానము, బొంబాయి రాజధానిలోని దక్కను మండలములు, నైజాము రాజ్యములో కొంత భాగము గూడ ఇదే పాటు పడినవి. అనంతపురము సీమ అప్పటికి బళ్లారి మండలములోనిదే. అది వేరు మండల మైనది 1882లో. కావున ఈ కథలో బళ్లారి యన్నపుడెల్ల నేటి కర్ణాటకములోని బళ్లారినే గాక, మన అనంతపురమును గూడ కలిపి తలచుకొనవలెను.

కరవు అనగా దేశములో గింజ బొత్తిగా లేకపోవుట యని మనము తలంతుము. ధాత కరవునాడు జరిగినది సరిగా అది కాదు. కడప, గుత్తి మీదుగా రాయచూరు వరకు పోవు రైలు మార్గము 1871 నాటికే పూర్తియైనది. బళ్లారికి ఒక శాఖయు వేసిరి. ఆ రైలు మీద ధాన్యము వచ్చుచునే యుండెను. కాని బజారున ధర రెండింతలు, మూడింతలు పెరిగెను. పైరు లేదు గనుక పొలములో పని లేదు. పని లేదు గనుక చేతిలో కాసు లేదు. జొన్నయు కొర్రయు పండించి, కూలి చేసికొని బ్రదుకు మెట్టసీమ కాపునకును, వానిని నమ్ముకొని యుండిన పాలేరునకును, నేతగానికిని ముందుగా ఎండినది గాదె కాదు, చేయి. తరువాత పశువులు పోయినవి. నాగళ్లు, ఇత్తడి చెంబులు, ఆడవారి మెడలోని పూసలు అమ్ముడుపోయినవి.

అట్టివారికి కూలి దొరకవలెనన్న ప్రభుత్వమే యజమాని కావలెను. అందుకే కరవు పనులు తెరచిరి. బాటలు వేయుట, కంకర కొట్టుట, చెరువులలో పూడిక తీయుట, కాలువలు త్రవ్వుట – ఇవి ఆ పనులు. మదరాసు నగరమున కూవము నదికిని అడయారు నదికిని నడుమ త్రవ్విన సుమారు 8 కిలోమీటర్ల కాలువ ఈ కరవు కూలీల చేతిపనియే. ఉత్తరమున పెదగంజాము దాక సాగిన ఆ తీరపు జలమార్గమునకు అప్పటి మదరాసు గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిరి. 1877 ఆరంభమునకు మదరాసు రాజధానిలో కరవు పనుల మీదనున్న జనము లక్షలకు చేరెను. అన్ని లక్షల మందికి ఒకే యజమాని. ఆ యజమాని ఇచ్చు కూలి తప్ప వారికి వేరొక కూడు లేదు. పని నచ్చనిచో మరియొక చోటికి పోవుదమనుకొనుటకు మరియొక చోటు లేదు. ఈ సంగతి మనము మరువరాదు. తరువాత జరిగినదంతయు దీని మీదనే ఆధారపడి యున్నది.

మదరాసు ప్రభుత్వము పనులు తెరచిన తీరులో లోపములు లేకపోలేదు. తొందరలో తెరచిన పనులవి. మేస్త్రీలు చాలరు, గుమాస్తాలు చాలరు, పారలు తట్టలు చాలవు. కొన్ని తావుల పని కొలతయే లేదు. నిజముగా దిక్కులేనివానితో పాటు, ఇంకను నాలుగు గింజలు దాచుకొన్నవాడును వచ్చి కూలి వ్రాయించుకొనెను. ఖర్చు నెల నెలకు పెరుగుచుండెను. వీనిని సరిదిద్దవలసినదే. మంచి యజమాని యైనచో మేస్త్రీలను పెంచును, కొలతలు పెట్టును, పని తెలిసిన ఇంజనీర్లను పంపును. కలకత్తా ప్రభుత్వము పంపినది మాత్రము ఖర్చు తగ్గించుటకు నియమించిన ఒక దొరను.

ఆ దొర పేరు సర్ రిచర్డు టెంపుల్. ఆయన తెలివి తక్కువవాడు కాడు, బద్ధకస్తుడును కాడు. మధ్యపరగణాలకు ఛీఫ్ కమిషనరుగా నుండెను. 1867లో హైదరాబాదున రెసిడెంటుగా నుండెను. కనుక దక్కను నేల ఆయన ఎరుగనిది కాదు. తరువాత 1874 వరకు భారత ప్రభుత్వపు ఆర్థిక సభ్యుడు. 1873-74లో బీహారున కరవు రాగా దాని నివారణభారము ఆయనపై పడెను. అప్పుడు ఆయన బర్మా నుండి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యము తెప్పించెను. అడిగిన వారికెల్ల పని యిచ్చెను, పని చేయలేని వారికి కూడు పెట్టెను. ఆ కరవున ఆకలిచావులు మిక్కిలి తక్కువ. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లీషువారి యేలుబడిలో ఇంత చక్కగా ఎదుర్కొన్న కరవు వేరొకటి కానరాదు.

ఇట్టి పనికి టెంపుల్‌కు దొరికిన బహుమానమేమి? నింద. బియ్యము మిగిలిపోయినదని ఒకరు, బొక్కసము ఖాళీ చేసెనని వేరొకరు, జనులను సోమరులను చేసెనని ఇంకొకరు – లండను పత్రికలు మొదలు కలకత్తా కచేరీల దాక ఆయనను దుబారామనిషి యనిరి. బ్రదికిన వారిని ఎవరును లెక్క పెట్టలేదు. మిగిలిన బస్తాలను అందరును లెక్క పెట్టిరి. మూడేండ్లు తిరుగకుండ ఇంకొక కరవు వచ్చి, ఇంకొక మారు ఆయననే పిలిచినప్పుడు, తన మీద పడిన ఆ మచ్చను తుడిచికొనవలెనన్న తలంపు ఆయనకు లేదనుట కష్టము. ఏ కచేరిలోనైనను ఇది జరుగుచునే యుండును. మంచి పనికి చీవాట్లు తిన్న ఉద్యోగి మరునాడు అంతకంటె మంచి పని చేయడు. చీవాట్లు రాని పని చేయును.

1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు గొప్ప దర్బారు జరిపి, విక్టోరియా రాణిని భారతదేశపు చక్రవర్తిని యని చాటించెను. మదరాసు గవర్నరును ఆ ఉత్సవమునకు పోవలసివచ్చెను. ఆ ఉత్సవపు ఖర్చును గూర్చి ఆ దినములలో పొదుపుమాట పుట్టలేదు. పుట్టినది కరవు పనుల ఖర్చును గూర్చి. మదరాసు ప్రభుత్వము ముందుజాగ్రత్తగా 30,000 టన్నుల ధాన్యము కొనగా, వర్తకములో సర్కారు చేయి పెట్టరాదని పైవారు దానిని తప్పు పట్టిరి. ఆ జనవరిలోనే టెంపుల్‌ను మదరాసు, బొంబాయి రాజధానులకు ప్రత్యేక ప్రతినిధిగా పంపిరి. ఆయనకు ఇచ్చిన ఆజ్ఞల సారాంశము ఇది: ప్రాణములు నిలుపుటకు ఎంత తక్కువ చాలునో అంతకు మించి ఒక కాసు వ్యయము కారాదు.

టెంపుల్ రైలు మీదను, గుఱ్ఱము మీదను వేగముగా తిరిగెను. ఆయన శక్తికి అందరు నాశ్చర్యపడిరి. పనులు చూచెను, గుంపులుగా నిలిచిన కూలీలను చూచెను, వీరు చూపునకు బాగుగానే యున్నారనెను. పని అక్కరలేని వారు చాలమంది యున్నారని లక్షలకొలది జనులను పట్టీల నుండి తీసివేయించెను. మిగిలినవారి కూలిని తగ్గించెను. పెద్ద మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము ఖరీదు, దానిపై ఉప్పు పులుసులకు కొద్ది చిల్లర. ఆడవారికి, పిల్లలకు ఇంకను తక్కువ. ఇది టెంపుల్ కూలి యను పేర చరిత్రలో నిలిచినది.

పౌనన్న మన నేటి లెక్కలో సుమారు 450 గ్రాములు. ఇంట కూర్చున్న వానికి అది కొన్నాళ్లు చాలవచ్చును. కాని ఇది ఇంట కూర్చున్న వానికి ఇచ్చినది కాదు. సూర్యోదయము మొదలు గడ్డపారతో గట్టి నేలను పగులగొట్టి, తట్టలకెత్తి, గట్టు మీదికి మోయువాని కిచ్చినది. నేటి వైద్యుల లెక్క ననుసరించి 450 గ్రాముల ధాన్యమునుండి ఒంటికి వచ్చు శక్తి సుమారు 1,600 కెలోరీలు. పడుకొన్న మనుష్యుని గుండె కొట్టుకొనుటకు, ఊపిరి ఆడుటకే అందులో అధికభాగము పోవును. మట్టి మోయువానికి దానికి సుమారు రెండింతలు కావలెను. ఆ లోటు ఎక్కడనుండి రావలెను? ఒంటి కండనుండి. అనగా ఆ కూలివాడు దినదినమును తన ఒంటిని కొంత కొంత తీసి గట్టు మీద పోయుచుండెనన్నమాట.

ఇంకొకటి. గ్రామమున మంచి కాలమున కూలివాడు జొన్నసంకటితో పాటు కొంత పప్పో, చేలగట్టున కోసిన ఆకుకూరో, పులిసిన మజ్జిగయో తినును. కరవునాడు ఆ ఆకు లేదు, పాడి లేదు. వట్టి గింజ యొక్కటే. మరి ఆ గింజ గూడ చేతికి పౌనుగా వచ్చునా? కూలి అనేక తావుల నాణెముగా ఇచ్చిరి. అంగడిలో ధర పెరిగిననాడు ఆ నాణెమునకు పౌను రాదు. పని జరుగు తావు దూరమైనచో నడకలోనే సగము సత్తువ పోవును. పౌనన్నది కచేరిలో వ్రాసిన అంకె. కుండలోనికి వచ్చునప్పటికి అది ఇంకను చిన్నదగును.

ఈ సంగతి తెలిసినవాడు ఒకడు మదరాసున నుండెను. ఆయన పేరు డాక్టరు విలియం రాబర్టు కార్నిష్. మదరాసు రాజధానికి శానిటరీ కమిషనరు. ఈ మండలముల జనులు ఏమి తిందురు, ఎంత తిందురు అను విషయమును కరవునకు చాల ముందే, 1860 ప్రాంతములనుండి శ్రద్ధతో సేకరించినవాడు. 1871లో మదరాసు రాజధాని జనాభా లెక్కల నివేదిక వ్రాసినవాడును ఆయనయే. కనుక ఏ ఊరిలో ఎంతమంది కలరో, వారి కుండలో ఏమి యుడుకునో రెండును తెలిసినవాడు. ప్రభుత్వమున ఈ రెండును కలిపి తెలిసినవారు చాల తక్కువ.

కార్నిష్ వెంటనే అడ్డుచెప్పెను. పౌను గింజలతో మనిషి కష్టింపలేడనియు, ఆ మేర కూలి ఇచ్చినచో ఆకలి మెల్లగా పనిచేయు విషమువలె జనులను చంపుననియు వాదించెను. గింజతోపాటు పప్పు, కూర, ఉప్పు కావలెననెను. సర్కారు చెరసాలలోని ఖైదీలకు ఇచ్చుచున్న కూటితో ఈ కూలిని పోల్చి చూపెను. నేరము చేసి చెరసాలలో నున్నవానికి ఏ కొలత తిండి అవసరమని ప్రభుత్వమే నిర్ణయించినదో, నేరమేమియు చేయక మట్టి మోయువానికి అంతకంటె తక్కువ చాలునని ఆ ప్రభుత్వమే యెట్లు చెప్పగలదు? ఈ ప్రశ్నకు సరియైన జవాబు లేకపోయెను.

టెంపుల్ జవాబు వేరు త్రోవన పోయెను. డాక్టరుగారివి శాస్త్రగ్రంథముల లెక్కలు, తనవి కన్నులార చూచిన సంగతులు అనెను. పౌను కూలిని పరీక్షించి చూతము, చాలకున్న అప్పుడు తెలియును గదా అనెను. ఇక్కడ మనము కొంచెము నిలువవలెను. పరీక్ష యనుమాట మంచిదే. కొత్త నాగలిని పరీక్షింపవచ్చును. చాలకున్న తీసి మూల పెట్టవచ్చును. కాని ఈ పరీక్ష లక్షలమంది ఒళ్లమీద జరుగుచున్నది. అది తప్పిపోయినదని నివేదిక వచ్చుసరికి ఆ ఒళ్లు ఉండవు. అంతేకాదు. చూపునకు బాగుగా నున్నారన్నమాటయు పైచూపే. నిలబడగలవారు వరుసలో నిలుతురు. నిలబడలేనివాడు దొరగారు వచ్చిననాడు వరుసలోనే ఉండడు. తనిఖీకి వచ్చిన అధికారికి ఎల్లప్పుడును కనబడునది మిగిలినవారే.

బొంబాయి రాజధానిలో ఈ కూలిని జనులు ఊరకే సహింపలేదు. అచ్చటి దక్కను మండలములలో కూలీలు గుంపులు గుంపులుగా పనులు వదలి వెడలిపోయిరి. ఈ కూలికి ఈ పని చేయుటకంటె ఊరికి పోయి చచ్చుట మేలనుకొన్న తీరది. కొట్లాట లేదు, దొమ్మీ లేదు. పార క్రింద పెట్టి నడచిపోవుట మాత్రమే. పూనాలో 1870లో స్థాపితమైన సార్వజనిక సభ వారి పక్షమున నిలిచి, మండలములనుండి సమాచారము తెప్పించి, ప్రభుత్వమునకు విన్నపముల మీద విన్నపములు పంపెను. గణేశ వాసుదేవ జోషి మొదలగు పెద్దలు అందు ముఖ్యులు. మన దేశమున కూలిరేటును గూర్చి ఇంత పెద్ద ఎత్తున జరిగిన తొలి నిరాకరణములలో ఇది యొకటి. మన మండలములలో అట్టి సభ లేదు. కర్నూలు, బళ్లారి కూలీల మాటను పట్టి పైకి పంపు నోరు ఒకటి, అర ఇంగ్లీషు పత్రికలును, కార్నిష్ వంటి ఉద్యోగులును తప్ప వేరు లేకపోయెను.

పౌను కూలి వలన పొదుపైనా జరిగినదా? ఇదే ముఖ్యమైన ప్రశ్న. కూలి తగ్గించిననాడు చిట్టాలో ఖర్చు తగ్గినట్లే కనబడెను. కాని తక్కువ తిన్నవాడు తక్కువ మట్టి మోసెను. అతనికి నిర్ణయించిన కొలత పూర్తికాక కూలి ఇంకను తగ్గెను; తగ్గిన కూలికి ఇంకను తక్కువ తినెను. ఈ దిగుడుమెట్ల మీద కొన్ని వారములు దిగిన తరువాత అతడు పారను ఎత్తలేక గంజి పోయు శిబిరమునకు చేరెను. అక్కడ అతనికి ఊరకే కూడు పెట్టవలె. అతనినుండి పని ఏమియు రాదు. ఆ తరువాత ఆసుపత్రి. అక్కడ వైద్యునికి, పరిచారకునికి, మందునకు ఖర్చు. ఇంత జరిగినను మనిషి దక్కునా యనిన, తరచుగా దక్కలేదు. మదరాసు నగరములోని కరవు ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు అలెగ్జాండరు పోర్టరు ఆ రోగులను పరీక్షించి, తరువాత 1889లో ఒక గ్రంథము ప్రకటించెను. దీర్ఘకాలము ఆకలిగొన్న వాని ప్రేగులు పలుచబడి, అన్నము పెట్టినను జీర్ణింపజాలని స్థితికి వచ్చునని వైద్యులు అప్పుడు కండ్లార చూచిరి. అనగా ఒక హద్దు దాటిన తరువాత ఎంత ధనము పోసినను ప్రాణము తిరిగి రాదు. కూలిలో మిగిల్చిన కాసు గంజిశిబిరమున ఖర్చయ్యెను, గంజిశిబిరమున మిగిల్చినది ఆసుపత్రిలో ఖర్చయ్యెను, మనిషియు పోయెను. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఇట్టివానిని చూచియే పుట్టి యుండును.

కార్నిష్ వాదము పూర్తిగా వృథా కాలేదు. 1877 వేసవిలో మదరాసు ప్రభుత్వము కూలిని ఒకటింబావు పౌను గింజలకును, ఒకటిన్నర ఔన్సు పప్పునకును పెంచెను. డాక్టరు అడిగినదానికిని, దొర ఇచ్చినదానికిని నడుమ అది సగము త్రోవ. అప్పటికి టెంపుల్ ఈ కార్యము ముగించుకొని, 1877లోనే బొంబాయి గవర్నరుగా వెడలిపోయెను. మొదటి కరవున జనులను బ్రదికించినందుకు నిందయు, రెండవ కరవున ఖర్చు తగ్గించినందుకు గవర్నరు పదవియు! పై అధికారులు దేనిని మెచ్చుకొందురో క్రిందివారు నేర్చుకొనుటకు ఇంతకంటె స్పష్టమైన పాఠము అక్కరలేదు.

1877లో నైరృతి వానలును ఆలస్యమైనవి. వేసవిలో చిక్కి సగమైన జనము ఆగస్టు నాటికి రాలిపోసాగెను. విశూచియు, మశూచియు, వానలు పడిన వెనుక జ్వరములును గోరుచుట్టు మీద రోకటిపోటువలె వచ్చినవి. ఆ ఆగస్టులో మదరాసు పౌరులు సభ జరిపి ఇంగ్లండు ప్రజలకు విజ్ఞప్తి చేసిరి. మదరాసు టైమ్సు సంపాదకుడైన విలియం డిగ్బీ ఆ నిధికి కార్యదర్శిగా పనిచేసెను. ఆయన మరునాటి సంవత్సరము ఈ కరవు వృత్తాంతమును రెండు సంపుటములుగా వ్రాసెను. ఆ పుస్తకము లేకున్న మనకీ కథలో సగము తెలియకపోవును. ఇంగ్లండునుండియు, వలసదేశములనుండియు వచ్చిన చందాలు సుమారు 84 లక్షల రూపాయలు. అదే కాలమున లిట్టన్ ప్రభువు స్వయముగా దక్షిణమునకు వచ్చి చూచెను. చూచి, సెప్టెంబరులో మరల కట్టుదిట్టమైన నియమములనే ప్రవేశపెట్టించెను. నెల్లూరు మొదలు బళ్లారి దాక జనుల స్థితి కంటబడిన పిదపను బొక్కసము మాటయే ముందుండెను.

ఇక ఆ బొక్కసపు లెక్క చూతము. ఈ కరవున బ్రిటిషు మండలములలో ప్రభుత్వము వ్యయము చేసినది మొత్తము సుమారు ఎనిమిది కోట్ల ముప్పదిమూడు లక్షల రూపాయలు. ఒక మనిషికి ఒక రోజు సాయము ఒక వంతు అనుకొన్నచో, పెట్టిన సాయము సుమారు 70 కోట్ల వంతులు. భాగించి చూడగా తలకు రోజుకు రెండణాల లోపు. ఇంత తగవు, ఇంత ఉత్తరప్రత్యుత్తరము, ఇంత పరీక్ష జరిగినది ఈ రెండణాలలో ఒక భాగము కొరకు. భూమిశిస్తులో ప్రభుత్వము ఆపుదల చేసినదియు, వాయిదా వేసినదియు కలిపి సుమారు 60 లక్షలు మాత్రమే. అనగా దూరదేశపు జనులు దయతో పంపిన చందా కంటెను తక్కువ. పైరు లేని పొలముమీద శిస్తు రాబట్టుచు, ఆ పొలము కాపునకు కూలిలో కాసు తగ్గించుట – దీనిని పొదుపనవచ్చునా?

పొదుపన్న దేదో ఆ కరవునాడే మన కోస్తామండలములు చూపినవి. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనవి. వానికి ధనము అడిగిననాడును కంపెనీ అధికారులు చేయి బిగబట్టిన మాట నిజమే. నందన కరవున గుంటూరు సీమలో లక్షలాది జనులు నశించి, శిస్తు పడిపోయిన పిదప గాని వారికి నీటి విలువ తెలియలేదు. కాని ఒకమారు ఖర్చు పెట్టిన వెనుక ఆ రెండు డెల్టాలు ధాత కరవునాడు తాము బ్రదుకుటయే గాక ఇతరులకు ధాన్యము పంపినవి. ముందు వేసిన రూపాయి తరువాత పదింతలు కాచినది. ఆనకట్టల శిల్పి ఆర్థరు కాటన్ అప్పటికి ఇంగ్లండున విశ్రాంతి తీసికొనుచుండెను. ఈ కరవును గూర్చి చదివి, నీటి పనులకు వ్యయము చేయనందుననే ఈ దుర్గతి పట్టినదని గట్టిగా వ్రాసెను.

కరవు వెనుక, 1878లో, సర్ రిచర్డు స్ట్రాచీ అధ్యక్షతన ఒక కమిషను ఏర్పడెను. దాని నివేదిక 1880లో వెలువడెను. దానిని బట్టి 1883లో కరవు నిబంధనల గ్రంథము సిద్ధమాయెను. పనిచేయువాని కూలికిని, ఊరకుండువాని కూటికిని భేదముండవలెననియు, పనులను ముందుగానే నిర్ణయించి పట్టీలు వ్రాసి యుంచవలెననియు, కష్టించువానికి వట్టి ప్రాణము నిలుచునంత తిండి చాలదనియు క్రమక్రమముగా ఒప్పుకొనిరి. కార్నిష్ చెప్పినది ఈ విధముగా ఆలస్యముగా గెలిచినది. అదే కాలమున కరవుల కొరకని సంవత్సరమునకు కోటిన్నర రూపాయల నిధి నొకదానిని ఏర్పరచి, దానికై కొత్త పన్నులు వేసిరి. మరి ఒకటి రెండేండ్లు తిరుగకమునుపే ఆఫ్ఘను యుద్ధము రాగా, ఆ ధనము కరవులకు గాక యుద్ధమునకు పోయినదని దేశమంతట విమర్శ చెలరేగెను. రెండణాల వద్ద బిగిసిన పిడికిలి కాబూలు త్రోవన విచ్చుకొన్నదన్నమాట.

ఆ రెండేండ్లలో బ్రిటిషు ఏలుబడిలోని మండలములలోనే 50 లక్షలకు మించి జనులు నశించిరి. ఇన్ని మరణములను ఒక్క పౌను కూలి మీద మోపుట న్యాయము కాదు. వాన తప్పినది, ధర పెరిగినది, రోగములు వచ్చినవి. కాని ప్రభుత్వమునకు లోబడిన సంగతి ఒకటి యుండెను: తన పట్టీలోనున్న కూలివానికి ఎంత ఇయ్యవలెను? ఆ ఒక్క విషయమునకు దైవమును గాని, మేఘమును గాని నిందింప వీలులేదు.

కార్నిష్ 1871లో తయారుచేసిన జనాభా లెక్క పట్టికలు ఉన్నవి. పదేండ్ల తరువాత, 1881లో, మరల జనాభా లెక్కలు తీసిరి. ఆ రెండింటిని పక్కపక్కన పెట్టి చూచిన, పదేండ్లలో పెరుగవలసిన బళ్లారి జనములో సుమారు ఐదవ వంతు, కర్నూలు జనములో సుమారు నాల్గవ వంతు తగ్గియున్నది. చచ్చినవారు, ఊరు వదలి పోయినవారు, పుట్టవలసి పుట్టని వారు అందరును ఆ లోటులో నున్నారు. బొక్కసపు చిట్టాలో కూలి పద్దు క్రింద మిగులు చూపిన ప్రభుత్వము, జనాభా చిట్టాలో ఈ లోటును ఏ పద్దున చూపవలెనో ఎరుగదు. ఆ పొలములు మరల దున్నువారు లేక ఎన్ని యేండ్లు బీడు పడినవో, ఆ బీడువలన శిస్తు ఎంత పోయినదో టెంపుల్ లెక్కలోనికి రాలేదు.

కాలము మారినది. నేడు మన దేశమున కరవు పని కూలిని నిర్ణయించు అధికారము పరదేశపు దొరల చేత లేదు. అయినను పనివాని సత్తువను తూచక పని ఖర్చును మాత్రము తూచు యజమానులు కచేరిలోను, కార్ఖానాలోను, కంపెనీలోను ఇప్పటికిని లేకపోలేదు. వారికి కార్నిష్ వంటి వాడొకడు ప్రతి చోటను ఎదురుపడును. లెక్కలు చూపి, ఇది చాలదు అనును. అతనిని పుస్తకముల మనిషి యని త్రోసివేయుటకు ముందు, కర్నూలు మండలపు ఆ రెండు జనాభా లెక్కలను ఒకమారు పక్కపక్కన పెట్టి చూచుకొనుట మేలు.